భారతదేశం - యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ జీవన ప్రమాణాల పోలిక

ఒక దేశ ప్రజలకు లభించే ఆదాయము, ఆహారము, నివాసము, విద్య, వైద్యము మొదలైన వాటి స్థాయిని జీవన ప్రమాణం అంటారు. భద్రత, తీరిక, స్వేచ్ఛ, కుటుంబంతో కలిసి ఉండగలగడం వంటి, లెక్కకు అంత సులభంగా అందని అంశాలను కూడా కలుపుకొని చూసినప్పుడు దానిని జీవన నాణ్యత అని వ్యవహరిస్తారు. ఈ రెండు మాటలను ఒకదానికి బదులు మరొకటి వాడడం పరిపాటి అయినా, వాటి మధ్య భేదం చిన్నది కాదు. మొదటిది పెరిగినంత మాత్రాన రెండవది పెరగాలని లేదు.

భారతదేశానికి, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కు (యు.ఎ.ఇ.) మధ్య ఇటువంటి పోలిక తెలుగువారికి కేవలం అర్థశాస్త్ర విషయం కాదు. జగిత్యాల, కరీంనగర్, రాజన్న సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ జిల్లాల నుండి, ఆంధ్రప్రదేశ్‌లోని గోదావరి జిల్లాలు, కడప ప్రాంతం నుండి వేలాది కుటుంబాలు ఈ పోలికను తమ సొంత లెక్కలతో చేసుకొని ఒక మనిషిని గల్ఫ్‌కు పంపినవే. తెలంగాణ పల్లెలలో "దుబాయి పోయిండు" అనే మాట ఆ మనిషి వెళ్ళినది మస్కట్‌కైనా, కువైట్‌కైనా చెల్లుతుంది. హైదరాబాదు నగరానికి దక్షిణాన, రంగారెడ్డి జిల్లా శంషాబాద్‌లో ఉన్న రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుండి దుబాయికి సుమారు నాలుగు గంటల ప్రయాణం. 2008 మార్చిలో ఈ విమానాశ్రయం ప్రారంభం కావడానికి ముందు నగరపు విమానాశ్రయం బేగంపేటలో ఉండేది. తొలి తరం వలస కార్మికులలో చాలామంది రైలులో బొంబాయి చేరి, అక్కడి నుండి విమానమెక్కినవారు.

చారిత్రక నేపథ్యం

ఈ రెండు ప్రాంతాలలో ఏది సంపన్నమైనది అనే ప్రశ్నకు సమాధానం ఎల్లప్పుడూ ఇప్పటివలె లేదు. నేడు యు.ఎ.ఇ.గా ఉన్న చిన్న రాజ్యాలు ఇరవయ్యవ శతాబ్దపు తొలి భాగం వరకు ముత్యాల వేటపై ఆధారపడి జీవించేవి. జపానులో పెంపకపు ముత్యాలు రావడం, ప్రపంచ ఆర్థిక మాంద్యం, ఈ రెండింటి వలన 1930లలో ఆ వ్యాపారం కూలిపోయి తీరప్రాంత ప్రజలు తీవ్రమైన పేదరికాన్ని అనుభవించారు. ఆ ప్రాంతపు ద్రవ్యం కూడా భారతీయ రూపాయే. 1959 నుండి భారతీయ రిజర్వు బ్యాంకు గల్ఫ్ ప్రాంతం కోసం ప్రత్యేకంగా "గల్ఫ్ రూపాయి" నోట్లను జారీ చేసింది. 1966 జూన్‌లో భారత ప్రభుత్వం రూపాయి విలువను తగ్గించడంతో ఆ రాజ్యాలు రూపాయిని వదులుకొన్నాయి. 1971 డిసెంబరు 2న ఆరు ఎమిరేట్లు కలిసి సమాఖ్యగా ఏర్పడగా, 1972 ఫిబ్రవరిలో రాస్ అల్ ఖైమా ఏడవదిగా చేరింది. దిర్హమ్ 1973లో వచ్చింది.

అరబ్బు దేశాల నుండి జీతం కోసం హైదరాబాదుకు వలస వచ్చిన కాలం ఒకటి ఉన్నదని నేటి తరానికి అంతగా తెలియదు. నిజాము సైన్యంలో పనిచేయుటకు యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుండి వచ్చిన అరబ్బుల స్థావరమే హైదరాబాదులోని బార్కస్. సైనికుల బ్యారక్‌ల నుండి ఆ పేరు వచ్చింది. శంషాబాద్ విమానాశ్రయానికి ఉత్తరాన, నగరపు అంచున ఉన్న ఈ పేటలో వారి సంతతి ఇప్పటికీ నివసిస్తున్నది. వారిలో కొందరి కుటుంబాలు మరల గల్ఫ్ దేశాలకు ఉద్యోగాల కోసం వెళ్ళడం చరిత్రలోని విచిత్రాలలో ఒకటి.

అబుదాబిలో 1958లో చమురు నిక్షేపాలు బయటపడి, 1962లో ఎగుమతి మొదలైన తరువాత పరిస్థితి తలక్రిందులైంది. 1973 తరువాత చమురు ధరలు పెరగడంతో రోడ్లు, ఓడరేవులు, భవనాలు నిర్మించుటకు చేతులు కావలసివచ్చాయి. అదే కాలంలో ఉత్తర తెలంగాణ మెట్ట భూములు వరుస కరవులతో, ఎండిన బావులతో ఉన్నాయి.

కొలమానాలు

దేశాలను పోల్చుటకు చాలాకాలం వాడిన కొలమానం తలసరి ఆదాయం. దీనిలో రెండు లోపాలు ఉన్నాయి. మొదటిది, మారకపు రేటుతో లెక్కించినప్పుడు పేద దేశం నిజంగా ఉన్నదానికంటే ఇంకా పేదగా కనిపిస్తుంది. క్షౌరం, ఇంటి అద్దె, కూరగాయలు, బస్సు ప్రయాణం వంటివి భారతదేశంలో చౌక. ఈ తేడాను సరిదిద్దే లెక్కను కొనుగోలు శక్తి సమానత అంటారు. ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో జరిగిన అంతర్జాతీయ ధరల పోలిక ప్రకారం 2017లో అమెరికాలో ఒక డాలరుకు దొరికే సరుకు భారతదేశంలో 20 రూపాయల 65 పైసలకు దొరికింది. ఆ సంవత్సరం బజారులో డాలరు విలువ సుమారు 65 రూపాయలు.

రెండవ లోపం, ఆదాయం ఎంత ఉన్నా అది ఆరోగ్యంగా, చదువుగా మారుతున్నదా అన్నది తలసరి ఆదాయం చెప్పదు. దీనికి సమాధానంగా మోరిస్ డేవిడ్ మోరిస్ 1979లో అక్షరాస్యత, శిశు మరణాలు, ఆయుర్దాయం ఆధారంగా భౌతిక జీవన నాణ్యతా సూచికను ప్రతిపాదించాడు. తరువాత పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్, అమర్త్య సేన్ తదితరుల సహకారంతో 1990లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తరఫున మానవాభివృద్ధి సూచికను వెలువరించాడు. దీనిలో ఆయుర్దాయం, విద్య, ఆదాయం అనే మూడు అంశాలు ఉంటాయి. 2010 నుండి ఈ మూడింటికి మామూలు సగటుకు బదులు గుణోత్తర సగటు తీస్తున్నారు. ఒక అంశంలోని వెనుకబాటును మరొక అంశంలోని ఆధిక్యంతో పూర్తిగా కప్పిపుచ్చే వీలు దీనితో తగ్గింది.

ఐక్యరాజ్యసమితి 2025 మే నెలలో ప్రచురించిన నివేదికలో 2023 సంవత్సరపు వివరాలు ఉన్నాయి. 193 దేశాలలో యు.ఎ.ఇ. 0.940 సూచికతో 15వ స్థానంలో నిలిచి అమెరికాను కూడా దాటింది. భారతదేశం 0.685తో 130వ స్థానంలో ఉన్నది. భారతదేశపు సూచిక 1990లో 0.446 మాత్రమే. ఆయుర్దాయం భారతదేశంలో 72 సంవత్సరాలు, యు.ఎ.ఇ.లో దాదాపు 83. పెద్దలు సగటున బడిలో గడిపిన కాలం భారతదేశంలో ఏడేళ్ళకు కొద్దిగా తక్కువ, యు.ఎ.ఇ.లో సుమారు 13. కొనుగోలు శక్తిని బట్టి సవరించిన తలసరి ఆదాయం భారతదేశంలో సుమారు 9 వేల డాలర్లు కాగా, యు.ఎ.ఇ.లో 71 వేల డాలర్లు. అనగా దాదాపు ఎనిమిది రెట్లు. అసమానతలను లెక్కలోకి తీసుకొంటే భారతదేశపు సూచిక 30.7 శాతం తగ్గిపోతుందని అదే నివేదిక తెలుపుతున్నది.

సగటులోని చిక్కు

పై అంకెలను చూచి, భారతదేశం నుండి యు.ఎ.ఇ.కి వెళ్ళిన మనిషి జీవితం ఎనిమిది రెట్లు మెరుగవుతుందని అనుకొనడం సరికాదు. దేశపు సగటు వేరు, ఆ దేశంలో ఒక మనిషికి దొరికే చోటు వేరు.

ఈ చిక్కును అర్థం చేసుకొనుటకు దూరం పోనక్కరలేదు. విమానాశ్రయానికి సమీపంలో, శంషాబాద్ మండలంలో ఉన్న కొత్వాల్‌గూడ గ్రామాన్ని తీసుకొనవచ్చును. 1908 నాటి మూసీ వరదల తరువాత ఈసీ నదిపై నిర్మించిన హిమాయత్ సాగర్ జలాశయం ఒడ్డున ఈ ఊరు ఉన్నది. రంగారెడ్డి జిల్లా తలసరి ఆదాయంలో తెలంగాణ జిల్లాలన్నిటిలో మొదటి స్థానంలో ఉంటున్నది. కానీ ఆ సగటును పైకి లేపినవి అదే జిల్లాకు చెందిన గచ్చిబౌలి, రాయదుర్గం ప్రాంతాల సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు. కొత్వాల్‌గూడలో కూలి చేసుకొనే మనిషి కూడా లెక్క ప్రకారం ఆ సంపన్న జిల్లా వాసియే. బాహ్యవలయ రహదారి ఊరి ప్రక్క నుండి పోయినా, విమానాలు నెత్తి మీదుగా పోయినా అతని కూలి ఆ సగటుతో పాటు పెరగదు.

భూమి ఉన్నవారి సంగతి మరొక తీరు. జంట జలాశయాల రక్షణ కోసం 1996లో వచ్చిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు వాటి చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాలలో నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. కొత్వాల్‌గూడ ఆ పరిధిలోనిదే. ఆంక్షలు లేని ఇరుగుపొరుగు ఊళ్ళలో ఎకరం ధర ఆకాశానికి పోగా ఈ గ్రామాల రైతులు దశాబ్దాల పాటు ఆ పెరుగుదలకు దూరంగా ఉన్నారు. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఈ ఆంక్షలను సడలిస్తూ మరొక ఉత్తర్వు ఇచ్చింది. ఇటువంటి ఆస్తి విలువలో వచ్చే హెచ్చుతగ్గులు మానవాభివృద్ధి సూచికలో ఎక్కడా కనబడవు. అయినా ఒక కుటుంబపు బాగోగులను నిర్ణయించేది తరచు అవే.

యు.ఎ.ఇ.లో ఈ చిక్కు మరింత పెద్దది. అక్కడి జనాభాలో దాదాపు పదింట తొమ్మిది వంతులు విదేశీయులు. భారతీయులే 35 లక్షలకు పైగా ఉన్నారు. ఆ దేశపు పౌరులకు గృహవసతికి సహాయం, ఉచిత విద్య, ప్రభుత్వ ఉద్యోగాలలో ప్రాధాన్యం లభిస్తాయి. విదేశీ నిపుణులకు పెద్ద జీతం, ఆదాయపు పన్ను లేకపోవడం అనే లాభాలు ఉన్నాయి. నిర్మాణ రంగంలోని కూలీలది మూడవ అంతస్తు. ఈ ముగ్గురి జీవితాలకు కలిపి తీసిన సగటు ముగ్గురిలో ఎవరి జీవితమూ కాదు.

ఇంకొక విషయం అరుదుగా చర్చకు వస్తుంది. ఉద్యోగపు వీసాకు వైద్య పరీక్ష తప్పనిసరి. క్షయ వంటి వ్యాధులు బయటపడితే వీసా రాదు. నివాసానుమతి ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది కనుక ఒళ్ళు వంగని వయసు వచ్చిన కూలీ తిరుగుముఖం పట్టవలసిందే. అనగా అతనిని కని, పెంచి, చదివించిన ఖర్చు భారతదేశానిది. అతని వృద్ధాప్యం, రోగాల ఖర్చు కూడా భారతదేశానిదే. మధ్యలోని కండబలం గల ఇరవై ఏళ్ళు మాత్రం యు.ఎ.ఇ. ఆర్థిక వ్యవస్థకు చెందుతాయి. రెండు దేశాల అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచేవారు ఈ పంపకాన్ని మరువరాదు.

రెండు దేశాల మధ్య జీవితం

వలస కార్మికుడు సంపాదించేది ఒక దేశంలో, ఖర్చు పెట్టేది మరొక దేశంలో. అందుచేత అతనికి ఒకే జీవన ప్రమాణం ఉండదు. శరీరం ఒక ప్రమాణంలో, కుటుంబం మరొక ప్రమాణంలో జీవిస్తాయి. కంపెనీ క్యాంపులో ఒక గదిలో ఆరుగురో ఎనిమిదిమందో అంతస్తుల మంచాల మీద పడుకొంటారు. తెల్లవారకముందే బస్సెక్కి, చీకటి పడ్డాక తిరిగి వస్తారు. అదే సమయంలో ఊరిలో అతని ఇల్లు పెంకుల నుండి డాబాకు మారుతుంది. పిల్లలు ఇంగ్లీషు మీడియం బడికి పోతారు. చెల్లెలి పెళ్ళి జరుగుతుంది. జీవన ప్రమాణం పెరిగింది అన్న మాట నిజమే. అయితే అది పెరిగిన చోట అతడు ఉండడు.

దీనికి ఒక చట్టబద్ధమైన కారణం కూడా ఉన్నది. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం భార్యాపిల్లలను యు.ఎ.ఇ.కి తెచ్చుకొనుటకు నెలకు 4,000 దిర్హమ్‌ల జీతం, లేదా వసతితో పాటు 3,000 దిర్హమ్‌ల జీతం ఉండవలెను. మామూలు కూలీకి ఆ అంకె అందదు. కుటుంబంతో కలిసి జీవించడం అనేది జీవన నాణ్యతలో భాగమని ఒప్పుకొంటే, అక్కడ దానికి ఒక ధర నిర్ణయమై ఉన్నదని చెప్పవచ్చును.

వెళ్ళుటకు చేసే అప్పు ఈ లెక్కలో మొదటి అంకె. భారత ప్రభుత్వ నిబంధనల ప్రకారం అనుమతి పొందిన ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే తీసుకొనవలెను. వాస్తవంలో అంతకు కొన్ని రెట్లు వసూలు చేయడం మామూలు. ఉదాహరణకు ఒక లెక్క వేసి చూడవచ్చును. లక్ష రూపాయలు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, 1,000 దిర్హమ్‌ల జీతానికి రెండేళ్ళ ఒప్పందంపై ఒకరు వెళ్ళారనుకొందాము. తిండికి, ఫోనుకు 350 దిర్హమ్‌లు పోగా మిగిలిన 650 దిర్హమ్‌లు 2023 నాటి రేటు ప్రకారం సుమారు 14,600 రూపాయలు. దానిలో సగం ఇంటి ఖర్చుకు ఇచ్చి సగం అప్పుకు కడితే, ఆ అప్పు తీరుటకు దాదాపు పద్దెనిమిది నెలలు పడుతుంది. రెండేళ్ళలో మిగిలేది ఆరు నెలల సంపాదనే. ఒకసారి వెళ్ళినవారు మరల మరల ఎందుకు వెళ్ళవలసివస్తుందో ఈ లెక్క తెలుపుతుంది. మధ్యలో జీతం ఆగినా, కంపెనీ మూతపడినా అప్పు మాత్రం ఆగదు. అటువంటప్పుడు కంపెనీ విడిచి, కాగితాలు లేకుండా బయట పని చేసుకొనేవారిని గల్ఫ్ తెలుగువారు "కల్లివెల్లి" అంటారు. వదిలెయ్, పోనీ అనే అర్థంలో వాడే అరబ్బీ మాట ఇది. జరిమానాలు పెరిగిపోయి ఇంటికి రాలేక ఏళ్ళు గడిపినవారికి యు.ఎ.ఇ. ప్రభుత్వం 2007, 2018, 2024 వంటి సంవత్సరాలలో క్షమాభిక్ష ప్రకటించింది.

యు.ఎ.ఇ. చట్టాలు మెరుగుపడలేదని చెప్పలేము. జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుండి 3 గంటల దాకా ఎండలో పని చేయించరాదు. జీతాలను బ్యాంకుల ద్వారా చెల్లించే విధానం 2009లో వచ్చింది. 2022 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన కార్మిక చట్టం ప్రకారం యజమాని కార్మికుని పాస్‌పోర్టు ఉంచుకొనరాదు, నియామకపు ఖర్చును అతనిపై వేయరాదు. ఉద్యోగం పోయినవారికి మూడు నెలల వరకు మూల వేతనంలో 60 శాతం చెల్లించే బీమా 2023లో మొదలైంది. పని మానినప్పుడు తొలి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం చొప్పున గ్రాట్యుటీ రావలెను. ఇక్కడి అసంఘటిత కూలీకి ఇవేవీ దాదాపుగా దక్కవు. కాగా కార్మిక సంఘం పెట్టుకొనే హక్కు, ఓటు, స్థిరనివాసం భారతదేశంలో ఉన్నాయి, అక్కడ లేవు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పథకం క్రింద పేద కుటుంబానికి లభించే వైద్య సహాయపు పరిమితి 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెరిగింది. రేషను బియ్యం, ప్రభుత్వ బడి కూడా లెక్కలోకి రావలసినవే. చేతికి వచ్చే జీతాన్నే చూచేవారు వీటిని సాధారణంగా విడిచిపెడతారు.

మధ్యతరగతి ఉద్యోగులకు పోలిక వేరుగా ఉంటుంది. ఇంజనీరు, నర్సు, లెక్కల ఉద్యోగి కుటుంబంతో ఉండగలరు. రోడ్లు, నిరంతర విద్యుత్తు, రాత్రివేళ భద్రత వారికి నిజమైన లాభాలు. ఇంటి అద్దె, బడి ఫీజులు వారి జీతంలో పెద్ద భాగాన్ని తీసుకొంటాయి.

మారకపు విలువ, ఇటీవలి మార్పులు

దిర్హమ్‌ను 1997 నుండి డాలరుకు 3.6725 చొప్పున స్థిరపరచారు. అందువలన డాలరుతో రూపాయి పడినప్పుడెల్లా దిర్హమ్‌తోనూ పడుతుంది. దిర్హమ్ 2005లో సుమారు 12 రూపాయలు, 2023లో 22 రూపాయల 50 పైసలు. జీతం ఒక్క దిర్హమ్ కూడా పెరగకపోయినా ఇంటికి వచ్చే రూపాయలు దాదాపు రెట్టింపు కావడంతో, సంపాదన పెరిగినట్లు తోస్తుంది. కానీ అదే కాలంలో భారతదేశంలో వినియోగదారుల ధరలు మూడు రెట్లకు పైగా పెరిగాయి. కనుక 1,000 దిర్హమ్‌లు 2005లో తెలంగాణ పల్లెలో కొనగలిగిన దానిలో 2023 నాటికి సగానికి కొద్దిగా ఎక్కువ మాత్రమే కొనగలుగుతున్నవి. భూమి సంగతి చెప్పనక్కరలేదు. గల్ఫ్ డబ్బులో కొంత శంషాబాద్ చుట్టుప్రక్కల ప్లాట్లపైకి చేరి, ఆ ధరలను పెంచుటకే తోడ్పడినది. తరువాత వెళ్ళినవారికి అవే ప్లాట్లు అందకుండా పోయాయి.

2020 సెప్టెంబరులో కరోనా కాలపు ఉద్యోగాలను కాపాడే పేరుతో భారత ప్రభుత్వం గల్ఫ్ కార్మికుల కనీస సిఫారసు వేతనాన్ని తగ్గించింది. యు.ఎ.ఇ.కి అది నెలకు 200 డాలర్లు. ఈ తగ్గింపుపై తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. 2021లో ప్రభుత్వం ఆ ఉత్తర్వులను ఉపసంహరించుకొన్నది. కార్మికుని జీవన ప్రమాణాన్ని స్వదేశమే ఒక సంతకంతో తగ్గించగలదని ఈ ఉదంతం చూపింది.

రిజర్వు బ్యాంకు సర్వేల ప్రకారం విదేశాల నుండి భారతదేశానికి వచ్చే సొమ్ములో యు.ఎ.ఇ. వాటా 2016-17లో 26.9 శాతం ఉండగా 2023-24 నాటికి 19.2 శాతానికి తగ్గింది. అమెరికా వాటా 22.9 నుండి 27.7 శాతానికి పెరిగి మొదటి స్థానానికి చేరింది. 2023-24లో ఈ సొమ్ములో తెలంగాణకు 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 4.4 శాతం వచ్చాయి. పదవ తరగతి ఉత్తీర్ణులు కాని కార్మికులు గల్ఫ్‌కు వెళ్ళుటకు తీసుకొనే వలస అనుమతులలో ఇప్పుడు ఉత్తరప్రదేశ్, బీహార్ ముందున్నాయి. హైదరాబాదు పరిసరాలలో కూలి రేట్లు పెరగడం దీనికి ఒక కారణం. శంషాబాద్ చుట్టూ లేస్తున్న కట్టడాలలో బీహార్, ఒడిషా, జార్ఖండ్ కార్మికులు రేకుల షెడ్లలో ఉండి పని చేస్తున్నారు. వారు ఇక్కడ జీవించే తీరుకు, తెలుగు కార్మికులు దుబాయి క్యాంపులలో జీవించే తీరుకు పోలికలు లేకపోలేదు.

అనుమతితో వెళ్ళే కార్మికులకు తప్పనిసరి అయిన ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రమాదవశాత్తు మరణించినవారి కుటుంబానికి పది లక్షల రూపాయలు చెల్లిస్తుంది. గుండెపోటుతో నిద్రలోనే చనిపోయినవారికి ఇది వర్తించదు. విజిట్ వీసాపై వెళ్ళి పనిలో చేరినవారు అసలు దీని పరిధిలోకే రారు. తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో జారీ చేసిన ఉత్తర్వు ద్వారా, 2023 డిసెంబరు 7 తరువాత గల్ఫ్‌లో మరణించిన రాష్ట్ర కార్మికుల కుటుంబాలకు ఐదు లక్షల రూపాయల సహాయం మంజూరు చేసింది.